మృదుల చేయి చాపినంత దూరం

అబిడ్స్‌లో కళ్ళజోళ్ళ దుకాణాల మధ్య ఇరుకు మెట్లెక్కి రెండో అంతస్తుకు పోతే కళ్ళ పరీక్ష నేర్పే కాలేజీ ఒకటి ఉంది. కింద ఇరానీ హోటల్, పైన కాలేజీ. అందుకే అక్కడి పిల్లలకు ఏ పాఠమైనా చాయ్ వాసనతో కలిసే తలకెక్కుతుంది. యూనీస్ ఆ కాలేజీలో చూపు శాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తోంది.

మెదక్ దగ్గర పల్లె బడిలో చదువుకున్న పిల్ల. మాట తక్కువ. ఒక మూల కూర్చోబెడితే ఎవరు ఎట్లా నడుస్తున్నారో, ఎవరు ఏ చేత్తో తలుపు తీస్తున్నారో చూస్తూ పూటంతా గడిపేయగలదు. చిన్నప్పుడు చర్చిలో పాస్టరుగారు ప్రార్థనకు కళ్ళు మూసుకోమంటే ఆమె కళ్ళు సగమే మూతపడేవి. భక్తి లేక కాదు. కళ్ళు మూసుకున్నాక మనుషుల ముఖాలు ఎట్లా మారతాయో చూడాలని. పీహెచ్‌డీ అంటే ఒక గది, ఒక మిషను, బోలెడంత నిశ్శబ్దం అనుకుని ఎంతో సంబరంగా చేరింది.

నిశ్శబ్దం ఏడాదే దక్కింది. "పరిశోధన చేసేవాళ్ళు పాఠం కూడా చెప్పాలి," అని జగన్మోహనరావు సార్ పదకొండు మంది పిల్లల ప్రాక్టికల్ క్లాసు ఆమె నెత్తిన పెట్టారు. సార్ అక్కడ పెద్ద ప్రొఫెసరు. ఆరడుగుల మూడంగుళాల మనిషి. గుమ్మాలన్నిటికీ తల వంచి నమస్కారం పెట్టినట్టుగా లోపలికి వస్తారు.

మొదటి రోజు యూనీస్ పావుగంట పాఠం చెప్పాక వెనక బెంచీలోంచి బబ్లూ చేయెత్తాడు. నాంపల్లి పిల్లవాడు, పొడుగు, సోడాబుడ్డి అద్దాలు.

"మేడం, మీరు మొదలు వెట్టిన్రా, ఇంక లేదా?"

క్లాసంతా నవ్వింది. యూనీస్‌కు చెవులు వేడెక్కాయి. కానీ ఆమె గమనించిన సంగతి ఒకటుంది. నవ్వని పిల్ల ఒకతె ఉంది. మొదటి బెంచీలో, నేల మీద కాళ్ళానక ఊపుకుంటూ కూర్చున్న మృదుల. ఆ పిల్ల నోటుబుక్కులో ఆ పావుగంట పాఠం మొత్తం ఉంది. మేడం పెదవులు చూసి రాసుకుందట.

ఆ పిల్లే కాలేజీ మొత్తానికి సమస్య.

వాళ్ళ చదువులో ఒక గండం ఉంది. టార్చి లాంటి పనిముట్టు, రెటినోస్కోప్ అంటారు. చీకటి గదిలో దాని వెలుగుగీతను ఎదుటి మనిషి కంట్లో అటూ ఇటూ కదిపితే కంటిపాపలో ఎర్రటి మెరుపొకటి కదులుతుంది. ఒక చేత్తో టార్చి పట్టుకుని, రెండో చేత్తో ఆ కంటి ముందు ఒక్కో అద్దమే మారుస్తూ పోవాలి. ఏదో ఒక అద్దం దగ్గర మెరుపు కదలడం మానేసి పాపంతా నిండుతుంది. అప్పుడు దొరికిన పవర్‌లోంచి ఒకటిన్నర తీసేస్తే అసలు సైటు వచ్చేస్తుంది. రోగి నోరు విప్పక్కర్లేదు. చంటిపిల్లలకైనా, చెవిటి ముసలమ్మకైనా చూడొచ్చు. ఆ ఒకటిన్నర ఎందుకు తీయాలంటే, చూసే మనిషి చేయి చాపినంత దూరంలో కూర్చున్నాడు కనుక ఆ దూరానికి చెల్లు.

"చేయి చాపు, ఒకటిన్నర తియ్యి!" జగన్మోహనరావు సార్ ముప్పై ఏళ్ళుగా ఇదే మంత్రం చెబుతున్నారు. పరీక్ష కాగితాల మీద కూడా ఆ గడిలో ఒకటిన్నర అని ముందే అచ్చేసి ఉంటుంది. జవాబులో పావు తేడా వస్తే మాఫీ. అంతకు మించితే తప్పు.

మృదుల ఆ పరీక్ష రెండుసార్లు తప్పింది. ఒక్క మార్కు తేడాతో కాదు, అయిదుగురు రోగుల్లో అయిదుగురి లెక్కా తప్పే. మూడోసారి తప్పితే కాలేజీలోంచి పేరు కొట్టేస్తారు. గౌలిగూడలో వాళ్ళ నాన్నకు పార్సిల్ ఆఫీసుంది. అక్కడ గోనెసంచుల మీద నల్లసిరాతో ఊళ్ళ పేర్లు రాసే కుర్చీ ఆ పిల్ల కోసం ఇప్పటికే తుడిచి పెట్టారు.

"ఆ అమ్మాయికి కన్ను లేదు యూనీస్," అన్నారు సార్. "మెరుపు చూడటం రాదు. ఊహించి రాస్తోంది. పది రోజులు టైముంది. నేర్పగలిగితే నేర్పు. లేదంటే నువ్వే మెల్లగా చెప్పు. నీ గొంతు ఎలాగూ మెల్లగానే ఉంటుంది."

మరునాటి నుంచి క్లాసులయ్యాక చీకటి గదిలో ముగ్గురు. మృదుల, యూనీస్, రోగి వేషంలో బబ్లూ. సోడాబుడ్డి అద్దాలున్నవాడు కదా, పనికొస్తాడని పిలిచారు. వాడు పనికి రావడమే కాదు, ప్రాణం తీశాడు.

"డాక్టరమ్మా, నాకు మా అత్త ఇద్దరు కనవడ్తున్నది. ఒక్కతుంటేనే కష్టం."

"నోరు మూసుకోరాదుర! కండ్లు దెరువు," అనేది మృదుల.

యూనీస్ ఏమీ అనేది కాదు. చూసేది. మృదుల వేళ్ళు వణకడం లేదు. వెలుగుగీత తడబడటం లేదు. అద్దం మార్చేటప్పుడు ఆ పిల్ల ఊపిరి బిగబట్టి, మెరుపు నిలిచిపోగానే "ఆఁ" అని వదులుతుంది. ఊహించి రాసే మనిషి అట్లా ఊపిరి వదలదు. మరి జవాబు చూస్తే తప్పు! బబ్లూ సైటు మైనస్ ఎనిమిదిన్నర అయితే మృదుల ఎనిమిది అంది.

నాలుగు రోజులు కాలేజీలో కనిపించిన ప్రతి మనిషినీ పట్టుకొచ్చి ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. లైబ్రేరియన్, వాచ్‌మన్, వచ్చిన కొరియరాయన. యూనీస్ ఒక నోటుబుక్కులో రెండు వరుసలు వేసి, ఒక పక్క అసలు సైటు, ఇంకో పక్క మృదుల చెప్పింది రాసుకుంటూ పోయింది.

అయిదో రోజు నాంపల్లి స్టేషన్ వైపు నడుస్తూ, సిగ్నల్ దగ్గర ఆగి, ఆ నోటుబుక్కు తెరిచింది. చదివింది. మళ్ళీ చదివింది. సిగ్నల్ పచ్చగా మారింది, మళ్ళీ ఎర్రబడింది, ఆమె మాత్రం అక్కడే నిలబడింది. వెనక ఆటో అతను, "ఏందమ్మా, పరీక్షకు సదువుతున్నవా?" అని అరిచాడు.

వాచ్‌మన్‌కు అర తేడా. లైబ్రేరియన్‌కు అర తేడా. బబ్లూకు అర తేడా. కుడి కన్ను, ఎడమ కన్ను, ప్లస్, మైనస్, ముసలి, పడుచు, అందరికీ అరే. మైనస్ వాళ్ళకు అర తక్కువ, ప్లస్ వాళ్ళకు అర ఎక్కువ. ఒక్కటంటే ఒక్కటి ముప్పావు లేదు, పావు లేదు. ఇంత పద్ధతిగా, ఇంత నిజాయితీగా తప్పులు చేసే మనిషికి కన్ను లేదనడం ఎట్లా? గడియారం రోజూ సరిగ్గా పది నిమిషాలు ఆలస్యంగా చూపిస్తుంటే దాన్ని చెడిపోయిందంటామా?

యూనీస్‌కు నవ్వొచ్చింది. చిన్నగా మొదలై ఆగలేదు. నాంపల్లి రోడ్డు మీద, బస్సుల హారన్ల మధ్య, నోటుబుక్కు గుండెలకు హత్తుకుని ఒక్కతే నవ్వింది.

కానీ ఆ అర ఎక్కణ్ణించి వస్తోంది? అద్దాల పెట్టె మార్చి చూసింది. అదే అర. టార్చి మార్చింది. అదే అర. కుర్చీ మార్చింది. బబ్లూ తననే మార్చమన్నాడు.

జవాబు పరీక్షకు నాలుగు రోజుల ముందు, దర్జీ దుకాణంలో దొరికింది.

మృదుల ఏప్రాన్, అంటే పిల్లలు వేసుకునే ఆ తెల్లకోటు, చినిగింది. కొత్తది కుట్టించుకోవాలని యూనీస్‌ను వెంటబెట్టుకుని నాంపల్లిలో కరుణాకర్ దగ్గరికి పోయింది. బబ్లూ పిలవకపోయినా వచ్చాడు. కరుణాకర్ నాలుగు కాలేజీలకు ఏప్రాన్లు కుట్టే మనిషి. పాత ఏప్రాన్ చేతులు రెండు మడతలు పెట్టి ఉండటం చూసి నొచ్చుకున్నాడు.

"గిట్ల మడతవెట్టుకుంట ఎన్ని దినాలు తిరిగినవ్ బిడ్డా? నీ చేతులు పొట్టిగున్నయ్. రడీమేడ్ నీకు సరిపడది." టేపు వేసి కొలిచి, "మామూలు కంటె ఆరు అంగుళాలు తక్కువ," అన్నాడు.

ఆ మడతలు యూనీస్ ఆరు నెలలుగా రోజూ చూస్తోంది. ఎడమ చేతి మడత మీద సిరా మరక ఉందని కూడా ఆమెకు తెలుసు. అన్నీ చూసింది. ఇది మాత్రం చూడలేదు!

"అన్నా, ఆ టేపు!" అంది. అనడం కాదు, లాక్కుంది.

"మృదులా, చేయి చాపు. టార్చి పట్టుకున్నట్టు కూసో. బబ్లూ, ముందల కూసోని కండ్లు దెరువు!"

టేపు ఒక కొస మృదుల కంటి దగ్గర, ఇంకో కొస బబ్లూ కంటి ముందు అద్దం పట్టుకున్నట్టున్న వేళ్ళ దగ్గర. కరుణాకర్ కత్తెర కింద పెట్టేశాడు.

"కంటికాడికెళ్ళి కొలిచే బట్ట ఏందమ్మా? నలభై ఏండ్ల సంది కుడుతున్న, నేనెన్నడు సూడలే!"

సరిగ్గా యాభై సెంటీమీటర్లు. అర మీటరు.

యూనీస్ నేల మీద కూలబడి సుద్దముక్కతో దుకాణం గడప మీదే లెక్క వేసింది. దూరం మీటరులో మూడింట రెండు వంతులైతే ఒకటిన్నర తీయాలి. దూరం తగ్గిన కొద్దీ తీయాల్సింది పెరుగుతుంది. అర మీటరైతే రెండు తీయాలి. రెండు! మృదుల మెరుపును రోజూ సరిగ్గానే చూస్తోంది. అర మీటరు దూరం నుంచి చూసి, ఎవరో పొడుగు చేతుల మనిషి లెక్క తీసేస్తోంది. అంతే.

"అంటే మేడం," మృదుల గొంతు కీచుమంది, "నాకు కన్నుందా?"

"మస్తుందే పిల్లా! చెయ్యే పొట్టిగుంది!"

మృదుల యూనీస్‌ను పట్టుకుని గిరగిరా తిప్పింది. పొట్టి చేతులైనా పట్టు గట్టిది. బబ్లూ ఈల వేశాడు. కరుణాకర్‌కు ఏమీ అర్థం కాకపోయినా చాయ్ తెప్పించాడు.

"ఇంకొంచెం ఎనకకు జరిగి కూసుంటె సరిపాయె గద?" అన్నాడు బబ్లూ. వాడి బుర్ర అప్పుడప్పుడు పనిచేస్తుంది. అక్కడే ప్రయత్నించారు. మృదుల కుర్చీ వెనక్కి జరిపి, సరైన దూరంలో ఒక చేత్తో టార్చి పట్టుకున్నట్టు కూర్చుని, రెండో చేయి బబ్లూ కంటి వైపు చాపింది. అందలేదు. ముందుకు వంగింది. ఇంకా అందలేదు. ఒక కాలు గాల్లోకి లేచింది. తర్వాత కుర్చీతో సహా బబ్లూ మీద పడింది.

"నన్ను గుడ్డోణ్ణి చేస్తవా ఏంది!"

"జరగొద్దు," అంది యూనీస్ నవ్వు ఆపుకుంటూ. "ఎవల దూరం వాళ్ళది. నీ దూరానికి రెండు తియ్యి."

కొలత పిచ్చి పట్టింది ముగ్గురికీ. ఆ సాయంత్రం టేపు పట్టుకుని నాంపల్లి నుంచి అబిడ్స్ దాకా చేతులు కొలుచుకుంటూ వచ్చారు. బబ్లూది డెబ్బై నాలుగు, అయినా వాడి తేడా పావు లోపలే, మాఫీలో కొట్టుకుపోయింది. క్లాసులో మిగతా తొమ్మిది మందివీ అట్లాగే. మాఫీకి అందనిది మృదుల ఒక్కతే.

ఇక సార్‌కు చెప్పాలి. యూనీస్ మర్నాడు మూడుసార్లు ఆయన గది ముందు నిలబడింది. మొదటిసారి ఫోన్లో ఉన్నారు. రెండోసారి ఆమె "సార్" అన్నది ఫ్యాను గాలికి కొట్టుకుపోయింది. మూడోసారి, "సార్, ఆ ఒకటిన్నర..." అనేసింది.

"అదే! అదే బాగా బట్టీ పట్టించు!" అని ఆయన తల వంచి గుమ్మం దాటి వెళ్ళిపోయారు.

పరీక్ష రోజు వచ్చింది. చీకటి గదిలో అయిదుగురు రోగులు వరసగా. సార్ ఒక మూల, చేతిలో జవాబుల కాగితం. తలుపు దగ్గర యూనీస్. ఏప్రాన్ జేబులో కరుణాకర్ టేపు. తిరిగివ్వడం మరిచిపోయింది.

మృదుల కొత్త ఏప్రాన్‌లో వచ్చింది. చేతులకు మడతల్లేవు. ఒక్కొక్కరి ముందు కూర్చుంది, టార్చి కదిపింది, అద్దాలు మార్చింది, "ఆఁ" అని ఊపిరి వదిలింది. తర్వాత కాగితం మీద అచ్చులో ఉన్న ఒకటిన్నరను కొట్టేసి, దాని పక్కన రెండు అని రాసింది. అయిదుసార్లూ.

లైటు వేశారు. సార్ కాగితం చూశారు. ముఖం ఎర్రబడింది.

"ఇదేమిటి? అచ్చువేసింది కొట్టేసింది ఎవరు? రెండు తీయమని ఎవరు చెప్పారు?"

మృదుల యూనీస్ వైపు చూసింది. బయట కారిడార్‌లో పది తలకాయలు తలుపు సందులోంచి తొంగి చూస్తున్నాయి. యూనీస్ నోరు తెరిచింది. ఎన్నాళ్ళుగా లోపల దాక్కుందో ఏమో, ఆ గొంతు ఒక్కసారిగా బయటపడింది.

"సార్, చేయి చాపండి!"

కింద ఇరానీ హోటల్‌లో ఎవరి చేతిలోంచో సాసరు జారిపడ్డ చప్పుడు వినిపించింది. సార్ నిర్ఘాంతపోయారు. కానీ ముప్పై ఏళ్ళ అలవాటు కదా, ఆ మాట వినగానే చేయి దానంతటదే లేచి చాచుకుంది. యూనీస్ టేపు తీసి కొలిచింది.

"అరవై ఏడు సెంటీమీటర్లు, సార్."

"చూశావా! అరవై ఏడు. అంటే ఒకటిన్నర. కరెక్టే కదా!" సార్ ముఖం వికసించింది.

"మీకు కరెక్టే సార్. మృదులా, చేయి చాపు."

"యాభై," అని సార్ టేపు మీద తనే చదివారు. కళ్ళజోడు సవరించుకుని మళ్ళీ చదివారు. పెదవులు కదిలాయి. వేళ్ళు కదిలాయి. చేతిలోని జవాబులతో మృదుల కాగితం పోల్చారు. అయిదుకు అయిదూ సరిపోయాయి.

సార్ తల అడ్డంగా ఊపారు.

"కాదు. రోగుల సైటు ముందే తెలిస్తే, దానికి సరిపడే లెక్క ఎవరైనా రాయగలరు. అది చూడటం కాదు, దిద్దుకోవడం. ఈ అమ్మాయి నిజంగా చూస్తోందని నాకెలా తెలుస్తుంది?"

మాట న్యాయమైనది, అదే బాధ. యూనీస్ నోటుబుక్కు చూపించబోయింది. మృదుల అడ్డొచ్చింది.

"సార్, మీరు కూసోండి. మీ సైటు నాకెర్క లేదు. మేడంకి గూడ ఎర్క లేదు."

"నేనా?"

"ఔ సార్. చూస్త."

లైటు ఆర్పారు. ఆరడుగుల మూడంగుళాల మనిషి కళ్ళజోడు తీసి, రోగి కుర్చీలో మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నారు. మృదుల ఎదురుగా కూర్చుంది. యూనీస్ గోడకు ఆనుకుని నిలబడింది. వెలుగుగీత కదిలింది. ఒక అద్దం. ఇంకొకటి. ఇంకొకటి. ఎంతకీ ఊపిరి వదలదేం! తలుపు సందులో బబ్లూ గోళ్ళు కొరుకుతున్నాడు.

"ఆఁ," అంది మృదుల.

తర్వాత కుడి కన్ను. అక్కడా "ఆఁ".

"ఎడమది మైనస్ మూడుంపావు సార్. కుడిది మైనస్ రెండున్నర."

లైటు వెలిగింది. సార్ మెల్లగా కుర్చీలోంచి లేచి, పర్సు తీసి, అందులోంచి నాలుగు మడతల కాగితం విప్పారు. కళ్ళజోడు చీటీ. చూశారు. మృదులను చూశారు. మళ్ళీ చీటీ చూశారు. దాన్ని యూనీస్ చేతికిచ్చారు.

ఎడమ మూడుంపావు. కుడి రెండున్నర.

కారిడార్‌లో పుట్టిన కేక మెట్ల మీదుగా దిగి, ఇరానీ హోటల్‌ను దాటి రోడ్డు మీదికి పోయింది. బబ్లూ తలుపు తోసుకుని వచ్చి వాచ్‌మన్‌ను కౌగలించుకున్నాడు. రోగుల్లో ఒకాయన, "నాకేమైంది? నా కండ్లు మంచిగున్నయా, లేవా?" అని అందరినీ అడుగుతూ తిరిగాడు.

"పాస్," అన్నారు సార్. కాగితం మీది ఒకటిన్నరను వేలితో తడిమి, "ముప్పై ఏళ్ళు," అన్నారు. "ఎంతమంది పొట్టివాళ్ళకు కన్ను లేదన్నానో!" అంతలోనే ఏదో గుర్తొచ్చినట్టు, "యూనీస్, ఆ టేపు ఇలా ఇవ్వు. అందరూ బయట వరసలో నిలబడండి!" అన్నారు.

పావుగంట తర్వాత కరుణాకర్ రొప్పుతూ మెట్లెక్కి వచ్చాడు. అప్పటికి కారిడార్‌లో కాలేజీ అంతా చేతులు చాపి నిలబడి ఉంది. ఆరడుగుల ప్రొఫెసరొకాయన ఒక్కొక్కరి కంటి నుంచి వేలికొస దాకా కొలిచి, వాళ్ళ కాగితం మీద అచ్చులో ఉన్న ఒకటిన్నరను కొట్టేసి, ఎవరిది వాళ్ళకు రాస్తున్నారు.

"నా టేపు సార్! నాలుగు దినాల సంది చేత్తోని బెత్తలు వెట్టి కొలుస్తున్న!"

"ఆగవయ్యా, ఇంకా ఇరవై మందున్నారు. నువ్వు కూడా చేయి చాపు."

కిటికీ దగ్గర మృదుల ఫోన్లో ఉంది. అవతల నుంచి గౌలిగూడ లారీల హారన్లు ఇవతలి వాళ్ళకు కూడా వినబడుతున్నాయి.

"డాడీ, పాసైన! ఔ, అయిదుకు అయిదు. కాదు, ఆరు! నీ పార్సిళ్ళ మీద పేర్లు రాసుడుకు ఇంకెవలనన్న చూస్కో. ఏందీ? ... చెప్త, ఇంటికొచ్చినంక చెప్త. ముందుగాల నువ్వొక పని చెయ్యి. చెయ్యి చాపి ఎంతుందో కొలువు!"

ఫోను పెట్టేసి యూనీస్ వైపు తిరిగింది. "అక్కా," అంది. ఇంతవరకు ఎప్పుడూ మేడం అనేది. "ఇంకోసారి గట్టిగ అను, గా మాట. సార్‌కి చెప్పినట్టు."

యూనీస్ సిగ్గుతో తల అడ్డంగా ఊపింది. చుట్టూ చూసింది. సార్ వెనక్కి తిరిగి ఉన్నారు. మృదుల మడతల్లేని చేతులు కట్టుకుని ఎదురుచూస్తోంది. యూనీస్ కిటికీలోంచి అబిడ్స్ రోడ్డు వైపు తల పెట్టి, ఊపిరంతా పీల్చుకుంది.

"చేయి చాపండీ!"

కింద బస్సు ఎక్కబోతున్న ఒక పెద్దమనిషి ఉలిక్కిపడి, నిజంగానే చేయి చాపాడు.